మొదటి బస్సూ, పళ్ళాయన పరుగూ

ఆయన్ని ఆ వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని కాబట్టి ఆ పేరు. కొత్తగా వచ్చినవాళ్ళెవరో ఆ పేరు విని, సంచి పట్టుకుని వచ్చి "కిలో ఎంత?" అని అడగడం, ఆయన ప్లాస్టర్ దవడ ఒకటి చేత్తో పట్టుకుని గదిలోంచి బయటికి రాగానే రెండడుగులు వెనక్కి వేయడం అప్పుడప్పుడూ జరిగేదే.

పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనక ఉన్న చిన్న గది ఆయనది. పొద్దుణ్ణించి సాయంత్రందాకా అక్కడ అరగదీసే మిషను గుయ్యిమంటూనే ఉంటుంది. అది ఆగితే ఫోను మోగుతుంది. "ఆ కింది సెట్టు ఏమైందయ్యా? పెద్దాయన బోసినోటితో కూర్చున్నాడిక్కడ!" అని డాక్టరుగారు అరుస్తారు. ఇంటికి వెళ్తే అక్కడ భార్య కుట్టుమిషను. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వచ్చిన ఆడవాళ్ళు కొలతలు నిమిషంలో ఇచ్చేసి, కబుర్లు మాత్రం తీరిగ్గా చెప్పుకుంటారు. పళ్ళాయన స్వతహాగా మితభాషి. నలుగురు మాట్లాడుకుంటుంటే ఐదోవాడిగా గోడకి ఆనుకుని నిలబడే రకం. అలాంటి మనిషి చెవులకి రోజంతా విశ్రాంతి లేదు.

పొట్ట తగ్గించుకోమని డాక్టరుగారు పోరితే మొదలుపెట్టాడు పరుగు. మొదట్లో వీధి చివరిదాకా వెళ్ళేసరికి రొప్పుతూ కరెంటు స్తంభాన్ని కావలించుకునేవాడు. పొట్ట తగ్గిందో లేదో గానీ, తెల్లవారుజామున ఆ గంటసేపూ ఎవరూ తనతో మాట్లాడరన్న సంగతి ఆయనకి తెలిసొచ్చింది. ఇక ఆగలేదు. నది పక్క రోడ్డు మీద తన అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకుండా పరిగెడుతుంటే స్వర్గానికి బెత్తెడు దూరంలో ఉన్నట్టుండేది. అలా పరిగెత్తగా పరిగెత్తగా, యాభయ్యో ఏడు దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం భార్యతో అన్నాడు:

"చలికాలం చివర్లో మారథాన్ పెడతారట. నేనూ పేరిచ్చాను."

ఆమె పెదాల మధ్య గుండుసూదులున్నాయి. అవి తీసి, "ఎంత దూరమండీ?" అంది.

"నలభై రెండు కిలోమీటర్లు."

"తిరిగి రావడానికి బస్సుంటుందా?" అని అడిగి, మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకుంది.

అంతా సవ్యంగా సాగుతున్న ఆ రోజుల్లో ఆమె తమ్ముడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

బావమరిది బస్సు డ్రైవరు. డిపోనుంచి పొద్దున్నే బయల్దేరే మొదటి బస్సు ఏళ్ళతరబడి అతనిదే. నలభై దాటినా పెళ్ళి కాలేదు. చూసిన సంబంధాల్లో సగానికి అతను వంక పెట్టాడు, మిగతా సగంవాళ్ళు అతనికి పెట్టారు. స్టూలెక్కి బల్బు మారుస్తూ పడి, కుడి ముంజేతికి కట్టు వేయించుకుని, ఒంటరిగా గదిలో కూర్చుంటే అక్క ఊరుకుంటుందా? వెళ్ళి బట్టల పెట్టెతో సహా ఇంటికి తీసుకొచ్చేసింది.

పళ్ళాయనకి బావమరిదంటే ఇష్టమే, కాసేపు చూసి వెళ్ళిపోయేటట్టయితే. అతని నోరు మూతపడదు. ఎదురుగా మనిషి లేకపోతే రేడియోలో వార్తలు చదివేవాడికి జవాబు చెప్పే మనిషి. పైగా ఇన్నేళ్ళ మొదటి బస్సు అలవాటు, కోడికన్నా ముందు లేచి కూర్చుంటాడు.

వచ్చిన మర్నాడు పళ్ళాయన చీకటితోనే లేచి, పిల్లిలా హాల్లోకి వచ్చి, బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి బావా?"

సోఫాలోంచి వచ్చిందా గొంతు. పళ్ళాయన గుండె జారి బూటులో పడింది.

"పరుగుకి."

"ఎవరు తరుముతున్నారు?"

"ఎవరూ తరమట్లేదు. మారథాన్‌కి."

"మరి కోచ్ ఎవరు?"

"కోచ్ ఏంట్రా? కాళ్ళున్నాయి, రోడ్డుంది."

"అదే తప్పు బావా! బస్సు కూడా అలాగే అనుకుంటే? చక్రాలున్నాయి, రోడ్డుంది అని? డ్రైవరుండొద్దూ?" అంటూ లేచి ఎడమచేత్తో చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ రోజు వీధి మలుపుదాకా వెంట వచ్చాడు. మెడకి వేలాడదీసిన చెయ్యి ఊగకుండా రెండో చేత్తో పట్టుకుని, పక్కన ఎగిరెగిరి నడుస్తూ, ఊపిరి ఎలా పీల్చాలో, మోచేతులు ఎక్కడ ఉంచాలో చెప్పాడు. తను మాత్రం జన్మలో వంద గజాలు పరిగెత్తిన పాపాన పోలేదు. మలుపు దగ్గర ఆయాసంతో చతికిలబడ్డాడు. పీడ వదిలిందనుకుని పళ్ళాయన నది రోడ్డెక్కాడు. వంతెన దాటాడో లేదో వెనకనుంచి హారన్ మోగింది.

మొదటి బస్సు. ముందు తలుపు మెట్టు మీద, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని బావమరిది.

"మోకాలెత్తు బావా! మోకాలు!"

నది రోడ్డు పొడవునా ఆ బస్సుకి కూతవేటుకో స్టాపు. బస్సు పళ్ళాయనని దాటిపోయి స్టాపులో ఆగుతుంది. జనం ఎక్కేలోపు పళ్ళాయన బస్సుని దాటతాడు. మళ్ళీ బస్సు ఆయన్ని దాటుతుంది. దాటిన ప్రతిసారీ తలుపులోంచి ఒక సలహా వచ్చి మీద పడుతుంది. "భుజాలు వదులు!" "కాళ్ళకేసి కాదు, దూరం చూడు!" "ఆ ముక్కు దేనికుంది బావా, పీల్చు!"

ఆ బస్సులో వెళ్ళేవాళ్ళంతా పొద్దుటి షిఫ్టు మనుషులు. రొట్టెల ఫ్యాక్టరీవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు. ఇన్నాళ్ళూ కిటికీకి తల ఆనించి కునుకు తీసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకి కాలక్షేపం దొరికింది. వారం తిరిగేసరికి బస్సు రెండు పార్టీలుగా చీలింది. ముందు సీట్లవాళ్ళు పళ్ళాయన పక్షం, వెనక సీట్లవాళ్ళు బస్సు పక్షం. ఆసుపత్రి స్టాపుకి ఎవరు ముందు చేరతారని పందెం. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి టీ పోయించాలి.

వాళ్ళలో ఒక పెద్ద ఆయా ఉంది. ఒకరోజు కిటికీలోంచి తల బయటపెట్టి, "నాయనా, నిన్ను నమ్ముకుని నిన్న టీ పోగొట్టుకున్నాను. ఇవాళైనా పరువు నిలబెట్టు," అని నేరుగా అడిగేసింది.

పళ్ళాయన పళ్ళు నూరుకున్నాడు. ఊరికే నూరుకుంటే పనికాదని, మర్నాడు ఇంకా పెందలాడే లేచాడు. బావమరిది అప్పటికే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఆయన బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెందలాడే లేవాలని నేనే చెబ్దామనుకున్నా. నీకే తోచింది. బాగుపడుతున్నావు బావా!"

ఆ మర్నాటికి బూట్లు దిండుకింద దాచుకుని పడుకున్నాడు. తెల్లారకముందే వంటింటి తలుపు తీసి, వెనక మెట్లు దిగి, గోడౌన్ల వైపు సందులోకి దూరాడు. అక్కడ నిజంగానే ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరూ లేరు, ఎందుకంటే పైపుల కోసం ఆ సందంతా తవ్విపోశారు. మోకాళ్ళదాకా బురదలో దిగబడి, దారి వెతుక్కుని ఇంటికొచ్చేసరికి పాలప్యాకెట్ అందుకుంటున్న భార్య ఆయన్ని గుర్తుపట్టలేదు. ఇక చేసేది లేక నది రోడ్డుకే తిరిగి వెళ్తే, పెద్ద ఆయా కిటికీలోంచి విరుచుకుపడింది.

"నిన్నెక్కడ చచ్చావయ్యా? నువ్వు రాలేదని బస్సంతా నిద్రపోయింది. నా స్టాపు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చాను!"

ఇంత గోలలోనూ ఒక్క మనిషి మాత్రం నోరు విప్పేది కాదు. ఆ బస్సు డ్రైవరమ్మ. బావమరిది బదులు ఆ బస్సు నడపడానికి వేరే డిపోనుంచి కొత్తగా వచ్చింది. నలభైకి కాస్త ఇవతల ఉంటుంది. బిగించి కట్టిన జుట్టు, చేతులు స్టీరింగు మీద, చూపు రోడ్డు మీద. పళ్ళాయనని దాటేటప్పుడు బస్సుని కొంచెం ఎడంగా తీసి, దుమ్ము ఆయన మీద పడకుండా నెమ్మదిగా పోనిచ్చేది. ఆ బస్సు మొత్తానికి బుద్ధిగల మనిషి ఈమె ఒక్కతే అనుకునేవాడు పళ్ళాయన.

విరుగుడు తన చేతిలోనే ఉందన్న సంగతి ఆయనకి ఒక మధ్యాహ్నం ఎవరిదో పన్ను అరగదీస్తుండగా తట్టింది. మిషను ఆపి, ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

బావమరిదికి పై వరసలో ముందు పళ్ళు రెండు లేవు. చిన్నతనంలో సైకిలు మీంచి పడి పోగొట్టుకున్నాడు. ఇప్పుడున్నవి పళ్ళాయన చేసిపెట్టినవే. చిన్న పలకకి రెండు పళ్ళు, పక్క పళ్ళకి తగిలించుకోవడానికి తీగ కొక్కేలు. రాత్రి తీసి గ్లాసు నీళ్ళలో వేస్తాడు, లేవగానే పెట్టుకుంటాడు. అవి లేకుండా సొంత అక్క ముందు కూడా నోరు తెరవడు. ఆ విషయంలో కొత్త పెళ్ళికూతురికి కూడా అంత సిగ్గుండదు.

మర్నాడు పొద్దున్నే బావమరిది గ్లాసు చూస్తే అందులో నీళ్ళే ఉన్నాయి.

"కొక్కెం వదులైందిరా," అన్నాడు పళ్ళాయన, లేసు మీంచి తల ఎత్తకుండా. "అలాగే పెట్టుకుంటే ఏ రోజో మింగేస్తావు. బాగుచేసి ఇస్తాను."

"ఎప్ఫుడు?" అన్నాడు బావమరిది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మాటకన్నా గాలి ఎక్కువ వచ్చింది.

"చూద్దాం. పని ఒత్తిడి బాగా ఉంది."

పళ్ళపలక ఆయన జేబులోనే ఉంది. దానికి ఏ లోపమూ లేదు.

ఆ పొద్దున నది రోడ్డు మీద పళ్ళాయన పరుగు చూసి తీరాలి. మెట్టు మీద ఎవరూ లేరు. సలహాలు లేవు. నదిమీద మంచు, గట్టుమీద తను. బస్సు దాటినప్పుడు కిటికీల్లో మొహాలు మాత్రం వెలితిగా కనిపించాయి. స్టాపులో ఆగి ఉన్నప్పుడు డ్రైవరమ్మ తలుపువైపు వంగి, మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"కోచ్‌గారు రాలేదేం సార్?"

"పనుంది," అని సాగిపోయాడు.

మర్నాడు మళ్ళీ అడిగింది. "ఒంట్లో బాగాలేదా సార్?"

"ఆఁ. కొంచెం."

ఇంట్లో బావమరిది నోటికి తువ్వాలు చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు. పెట్టింది సరిగా తినడు, పిలిస్తే పలకడు. అక్క హడలిపోయింది.

"వాడికేమైందండీ? నిన్నటినుంచి ఒక్క మాట లేదు. ఊపిరాడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను."

"విశ్రాంతి తీసుకుంటున్నాడులే. మంచిదే."

ఆమె మొగుడి మొహంలోకి పరీక్షగా చూసింది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందిట," అంది.

మూడో రోజు బస్సు స్టాపు లేని చోట ఆగింది. ఆ డ్రైవరమ్మ అలా ఎన్నడూ ఆపదు. తలుపు తెరుచుకుంది. ఆమె ఒక కాగితం సంచి బయటికి చాచింది.

"సార్, ఇవి కోచ్‌గారికి ఇవ్వండి. పళ్ళు."

పళ్ళాయన చెయ్యి చటుక్కున జేబు మీదికి పోయింది. అంతదాకా పట్టిన చెమట వేరు, అప్పుడు పట్టిన చెమట వేరు.

"పళ్ళా! మీకెలా తెలుసు?"

"ఏం తెలుసు సార్?" ఆమె తికమకపడింది. "జ్వరమేమోనని యాపిల్ పళ్ళు తెచ్చాను. పథ్యమైతే మీరే తినేయండి."

అన్నదే గానీ ఆ చివరి మాట అనేటప్పుడు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. సంచి ఆయన చేతిలో పెట్టి, వెంటనే రోడ్డుకేసి తిరిగిపోయింది. పెద్ద ఆయా కిటికీలోంచి పళ్ళాయనకేసి జాలిగా చూసింది, 'ఇన్నాళ్ళూ నీ కోసమే వస్తున్నాడనుకున్నావా నాయనా' అన్నట్టు.

అప్పుడు ఆయనకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బస్సుకి రెండు తలుపులున్నా బావమరిది ఎప్పుడూ ముందు తలుపులోనే నిలబడటం. ఇంట్లో మాసిన లుంగీతో తిరిగేవాడు తెల్లారుజామున ఇస్త్రీ చొక్కా వేసుకోవడం. ఒంటిచేత్తో అద్దం ముందు అంతసేపు తల దువ్వుకోవడం. సంచి చంకలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. ఆ రోజు పరిగెత్తినంత వేగంగా అంతకు ముందెప్పుడూ పరిగెత్తలేదు.

బావమరిది కిటికీ దగ్గరే ఉన్నాడు. సంచి ఒళ్ళో పెట్టగానే, ఎవరిచ్చారన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"మీ డ్రైవరమ్మ."

తువ్వాలు జారిపోయింది. బావమరిది నోరు తెరుచుకుంది, బోసి సందుతో సహా. ఒక యాపిల్ పండు తీసి చేతిలో తిప్పాడు. కొరుకుదామని నోటిదాకా తీసుకెళ్ళి, ముందు పళ్ళు లేవని గుర్తొచ్చి, వాసన చూసి కిందికి దించాడు.

"ఏంట్రా సంగతి?" అన్నాడు పళ్ళాయన.

"నిజం థెప్తున్నా బావా. నువ్వు పరిగెత్తు, పరిగెత్తకపో, నాకేం థంబంధం?"

"మరి ఆ కోచ్ వేషం?"

"ఊరికే రోజూ ఆ బథ్థెక్కితే ఏమనుకుంటుంది? థెయ్యి విరిగినవాడికి తెల్లారకముందే ఎక్కడికి ప్రయాణం అంటే ఏం థెప్పను? మా బావకి థిక్షణ ఇథ్తున్నానంటే పెద్దమనిథి తరహాగా ఉంటుంది కదా!"

పళ్ళాయన ఆపుకోలేకపోయాడు. గోడకి జారగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. బావమరిది ఉక్రోషంగా చూసి, తువ్వాలు మళ్ళీ పైకి లాక్కున్నాడు. ఆ కళ్ళు చూశాక నవ్వు సన్నగిల్లింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఇంత తక్కువ మాట్లాడటం, ఇంత నిజం మాట్లాడటం ఆయన చూడలేదు. జేబులోంచి పళ్ళపలక తీసి అరచేతిలో పెట్టాడు.

పెట్టుకున్నాక బావమరిది అన్న మొదటి మాట, "ఇన్ని రోజులూ జేబులోనే ఉందా!"

"నీ కొక్కెం బాగానే ఉంది. వదులైంది నీ నోరు. ఇదిగో, ఒప్పందం. రేపట్నుంచి బస్సెక్కు. ఆవిడ వెనక సీటులో కూర్చో. నా మోకాళ్ళ సంగతి నువ్వెత్తకు, నీ సంగతి మీ అక్క దగ్గర నేనెత్తను."

అక్క చెవిన పడితే సాయంత్రానికల్లా కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తెలిసిపోతుందని ఇద్దరికీ తెలుసు. బావమరిది యాపిల్ పండు కసుక్కున కొరికి, తలూపాడు.

ఒప్పందం నిలబడింది. మర్నాటినుంచి బస్సు ఆయన్ని దాటినప్పుడు ముందు సీటులో బావమరిది తల మాత్రం కనపడేది, అదీ పక్కకి తిరక్కుండా. పందేలు ఆగలేదు గానీ, కిటికీల అరుపులకి పళ్ళాయన అలవాటుపడిపోయాడు. వారాలు గడిచాయి. కట్టు విప్పారు. బావమరిదిని వేరే రూటు బస్సెక్కించారు. మొదటి బస్సు డ్రైవరమ్మకే ఉండిపోయింది. అతను తన గదికి వెళ్ళిపోతున్న రోజు గుమ్మంలో నిలబెట్టి అడిగాడు పళ్ళాయన:

"ఆవిణ్ణి అడిగావా?"

"మాట్లాడుకున్నాం బావా."

"ఏం మాట్లాడుకున్నారు?"

"బ్రేకుల గురించి."

రేడియోకి జవాబిచ్చే మనిషికి ఆమె ముందు నాలుక పడిపోతోందన్నమాట. పళ్ళాయన నుదురు కొట్టుకున్నాడు.

మారథాన్ రోజు వచ్చింది. దారంతా మూసేసి, మధ్యాహ్నందాకా బస్సులు ఆపేశారు. ఒక్క బస్సు మాత్రం అందరికన్నా వెనక నడవాలి, ఇక పరిగెత్తలేనివాళ్ళని ఎక్కించుకోవడానికి. పొద్దున్నే ఆ దారిలో నడిపే అలవాటున్న మనిషని ఆ పని డ్రైవరమ్మకి అప్పజెప్పారు.

పళ్ళాయన సగం దూరం హాయిగా పరిగెత్తాడు. ఆ తర్వాత కూడా కొంత బాగానే పోయాడు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక కాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. తొడలు రాళ్ళయ్యాయి. తెల్లజుట్టు ముసలాయన ఒకాయన దాటిపోయాడు. మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ ఇద్దరు అక్కచెల్లెళ్ళు దాటిపోయారు. చివరికి వెనక్కి తిరిగి చూస్తే, తన వెనక ఒక్క బస్సు తప్ప ఏమీ లేదు. బస్సులో సగంలో మానేసినవాళ్ళు బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని, బిస్కెట్లు తింటున్నారు.

బస్సు పక్కకొచ్చింది. తలుపు తెరుచుకుంది.

"ఎక్కుతారా సార్?"

ఆ మెత్తటి సీట్లకేసి చూసి పళ్ళాయన గుటకవేశాడు. "ఎక్కను."

"అయితే ఒక మాట అడగొచ్చా? ఆగకండి. ఆగితే ఎక్కించుకోవాలి, అది రూలు. పరిగెడుతూనే చెప్పండి." ఆమె రోడ్డుకేసే చూస్తోంది. "మీ బావమరిదిగారు మంచివారేనా?"

సంబంధం విచారించేవాళ్ళు ఇంటికొస్తారు, కుర్చీలో కూర్చుంటారు, ఇచ్చిన కాఫీ తాగి నెమ్మదిగా అడుగుతారు. పళ్ళాయనకి తెలిసిన పద్ధతి అది. ప్రాణం గొంతులోకి వచ్చిన మనిషిని పక్కన బస్సు నడుపుతూ అడగడం ఆయన ఎక్కడా వినలేదు.

"మంచి... వాడే."

"తాగుతారా?"

"టీ."

"కోపమెక్కువా?"

"కోపం రాదు. మాటలొస్తాయి."

బస్సులోవాళ్ళు బిస్కెట్లు పక్కనపెట్టి ముందు సీట్లలోకి జరిగారు. "బాధ్యత ఉందా అడగమ్మా," అంది కాలికి గుడ్డ చుట్టుకున్న ఒకావిడ.

"అబద్ధాలాడతారా?" అంది డ్రైవరమ్మ.

పళ్ళాయనకి తన బూట్లు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. గోడౌన్ల సందులో బురద గుర్తొచ్చింది. ఇప్పుడు ఒక్క మాట వంకరగా అంటే చాలు, అంతకంతా తీరిపోతుంది.

"ఆడతాడు," అన్నాడు.

"అయ్యో!" అంది కాలికి గుడ్డ చుట్టుకున్నావిడ.

"నాకు కోచ్‌నని చెప్పాడుగా... అబద్ధం. మీ బస్సెక్కడానికి."

డ్రైవరమ్మ కళ్ళు రోడ్డు మీంచి కదల్లేదు గానీ, పెదవి చివర వంగింది. "అది మొదటి వారమే తెలిసింది సార్. అరిచేది మీమీద, చూసేది అద్దంలో నన్ను. మీకెప్పుడు తెలిసింది?"

"మీరు పళ్ళిచ్చిన రోజు. అంటే, నేను పళ్ళు తీసేసుకున్నాక."

"ఏ పళ్ళు?"

పళ్ళాయన నాలిక్కరుచుకున్నాడు. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. "ఏ పళ్ళండీ?" అని బస్సులోంచి నలుగురు ఒకేసారి అడిగారు. ఇక దాచి లాభం లేదు. మొదలుపెట్టాడు. సైకిలు మీంచి పడటం చెప్పాడు. గ్లాసులో నీళ్ళు, జేబులో పలక, తువ్వాలు, ముక్కు దగ్గర వేలు, యాపిల్ పండు వాసన, అన్నీ చెప్పాడు. రొప్పుతూ, మాటమాటకీ ఊపిరి పీల్చుకుంటూ, 'థిక్షణ ఇథ్తున్నా' అని బావమరిదిలా అనుకరిస్తూ చెప్పాడు. జీవితంలో అంతసేపు ఏకబిగిని మాట్లాడి ఎరగడు. బస్సులో ఒకాయన నవ్వలేక సీటులోంచి కిందికి జారాడు. డ్రైవరమ్మకి కళ్ళనీళ్ళు వచ్చి, ఒక చేత్తో తుడుచుకుని రెండో చేత్తో నడిపింది. కథ అయ్యేసరికి నది రోడ్డు వెనకబడిపోయింది. దూరంగా చివరి గీత దగ్గరి జెండాలు కనిపిస్తున్నాయి.

"అయితే ఆ ముందు పళ్ళు రెండూ కట్టుడువే?" అంది ఆమె.

పళ్ళాయనకి భయం వేసింది. వాడి పెళ్ళి తన చేతులారా చెడగొట్టానా? "ఆఁ," అన్నాడు నీరసంగా.

"ఎవరు చేశారు?"

"నేనే."

"బాగా చేశారు. అసలువే అనుకున్నాను." ఆమె గేరు మార్చి, "సరే, ఇక కాస్త మోకాళ్ళెత్తండి అన్నయ్యగారూ. వచ్చేశాం," అంది.

సార్ పోయి అన్నయ్యగారు వచ్చింది. బావమరిది పెళ్ళాం తనకి వరసకి చెల్లెలవుతుందని పళ్ళాయనకి అర్థమయ్యేలోపే బస్సులోవాళ్ళకి అర్థమైపోయింది. కాలికి గుడ్డ చుట్టుకున్నావిడ చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళు సీట్లు బాదారు.

చివరి గీత దగ్గర జెండాలు పీకేస్తున్నారు. ఒకతను బ్యానరు చుట్టేస్తూ, పళ్ళాయనని చూసి మర్యాదకి మళ్ళీ సగం విప్పి పట్టుకున్నాడు. దానికింద నుంచి దాటి, ఆయన రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాడు. భార్య పరిగెత్తుకొచ్చి తువ్వాలు కప్పింది. ఆమె వెనక ఇస్త్రీ చొక్కాలో బావమరిది. బస్సు ఆగడం, డ్రైవరమ్మ దిగడం చూసి అతను అక్క వెనక్కి నక్కాడు.

"బతికే ఉన్నారా! అందరూ వెళ్ళిపోయారండీ. ఎక్కడైనా పడిపోయారేమోనని..." అంటూ భార్య ఆయన మొహం తుడుస్తోంది.

డ్రైవరమ్మ తిన్నగా వచ్చి నిలబడి, "అన్నయ్యగారికి ముందు మంచినీళ్ళివ్వండి వదినగారూ," అంది.

భార్య చెయ్యి ఆగిపోయింది. ఆమెకేసి చూసింది, మొగుడికేసి చూసింది. "ఎవరండీ ఈవిడ? మీరు అన్నయ్యెలా అయ్యారు? నేను వదిన్నెలా అయ్యాను?"

"మీ తమ్ముడికి సంబంధం కుదిర్చాను," అన్నాడు పళ్ళాయన, సీసా అందుకుంటూ.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. దార్లో."

ఆమె గిర్రున వెనక్కి తిరిగి తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అతను నేలకేసి చూస్తూ బ్రేకుల గురించి ఏదో గొణిగాడు. డ్రైవరమ్మ నవ్వి, బస్సెక్కమంది. అందరినీ దింపుతూ డిపోదాకా వెళ్ళాలి, దార్లో వీళ్ళనీ ఇంటి దగ్గర దింపుతానంది. పళ్ళాయనని ఇద్దరు మోసుకెళ్ళి వెనక సీటులో పడుకోబెట్టారు. ముందు సీట్లలో ఆయన భార్య డ్రైవరమ్మని ఇంటిపేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి అడుగుతోంది, డ్రైవరమ్మ చెబుతోంది, నాలుక తిరిగొచ్చిన బావమరిది ఇద్దరి మాటలకీ అడ్డం వస్తున్నాడు, మానేసినవాళ్ళు తలా ఒక సలహా ఇస్తున్నారు. ఆ గోల మధ్యలో, బస్సు మొదటి మలుపు తిరగకముందే, పళ్ళాయన గురకపెట్టాడు.